రొట్టె తుంచితే రెండైతయా? నాలుగేళ్ల పిల్లల తప్పుల్లో ఉండే లెక్క

టెట్ పేపర్‌లో 150 మార్కులుంటే అందులో 30 శిశు వికాసానివే. నల్లగొండలో గానీ మహబూబ్‌నగర్‌లో గానీ కోచింగ్ సెంటర్ మెట్ల మీద కూర్చుని "పియాజే, పూర్వ ప్రచాలక దశ, రెండు నుంచి ఏడు" అని జపం చేసేవాళ్లు ప్రతి నోటిఫికేషన్‌కూ కనిపిస్తారు. బిట్లు కంఠతా వస్తాయి, మార్కులూ వస్తాయి. విచిత్రం ఎక్కడంటే, టెట్ అనేది ఒకటో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా చెప్పేవాళ్లకు పెట్టిన పరీక్ష. ఇలాంటి బిట్లు ఎక్కువగా మాట్లాడేదేమో బడి వయసు రాని పిల్లల గురించి. అలాంటి పిల్లల మధ్య రోజంతా గడిపే అంగన్‌వాడీ టీచర్‌కు, ప్రైవేటు బడిలో ఎల్‌కేజీ మేడమ్‌కు ఆ పరీక్షే అక్కర్లేదు. అంటే సిద్ధాంతం చదివినవాళ్లకు ఆ పిల్లలు దొరకరు, ఆ పిల్లలు దొరికినవాళ్లకు సిద్ధాంతంతో పని పడదు.

కాబట్టి కోచింగ్ నోట్సు పక్కన పెట్టి పొయ్యి దగ్గర మొదలుపెట్టడం మేలు.

పాలమూరు పల్లెలో రాత్రి భోజనం వేళ. నాలుగేళ్ల పిల్ల పళ్లెంలో అవ్వ ఒక జొన్న రొట్టె వేసింది. పక్కన అన్న పళ్లెంలో రెండున్నాయి. పిల్ల మూతి ముడుచుకుని "నాకు గూడ రెండు గావాలె" అని మొదలుపెట్టింది. అవ్వ ఏమీ అనకుండా ఆ పిల్ల రొట్టెనే తీసి నడిమికి తుంచి, రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి "ఇగో, రెండు" అంది. పిల్ల చల్లబడి తినడం మొదలుపెట్టింది. అన్న మాత్రం కిసకిసా నవ్వాడు, ఎందుకంటే వాడికి ఎనిమిదేళ్లు.

అవ్వ మోసం చేసిందని పెద్దవాళ్లకు అనిపించొచ్చు గానీ, పిల్ల లెక్కలో మోసమేమీ జరగలేదు. ఇందాక ఒకటుంది, ఇప్పుడు రెండున్నాయి. కంటికి కనిపించేదే లెక్క. ముక్కలు మళ్లీ అతికిస్తే అదే రొట్టె అవుతుందని మనసులోనే వెనక్కి తిప్పి చూసుకునే పని ఆ పిల్లకు ఇంకా రాలేదు. టెట్ పుస్తకాల్లో 'పదిలపరచుకొను భావన లోపం' అని నోరు తిరగని పేరుతో ఉండేది ఇదే, రూపం మారినా మొత్తం మారదని తోచకపోవడం. పిల్లల ఆలోచన ఎలా పెరుగుతుందో పరిశోధించిన పియాజే దీన్ని నీళ్లతో చూశాడు. రెండు ఒకేరకం గ్లాసుల్లో సమానంగా నీళ్లు పోసి, ఒకదాన్ని పిల్లల కళ్ల ముందే సన్నటి పొడుగాటి గ్లాసులోకి వంచి, ఇప్పుడు దేంట్లో ఎక్కువున్నాయని అడిగాడు. నాలుగేళ్ల పిల్లలు ఎక్కువమంది పొడుగు గ్లాసునే చూపిస్తారు. ఇంట్లో సీసా, చెంబు ఉన్న ఎవరైనా ఐదు నిమిషాల్లో చేసి చూడొచ్చు.

జీన్ పియాజే 1896లో స్విట్జర్లాండ్‌లో పుట్టాడు. యువకుడిగా ఉన్నప్పుడు పారిస్‌లో పిల్లల తెలివిని కొలిచే పరీక్షల పని మీద కుదిరాడు. ఆ పనిలో సరైన జవాబులు లెక్కపెట్టి స్కోరు వేస్తే సరిపోతుంది. ఆయన మాత్రం తప్పు జవాబుల దగ్గర ఆగిపోయాడు. ఒకే వయసు పిల్లలు ఒకేరకంగా తప్పు చెప్తున్నారు, వయసు మారితే తప్పు తీరు కూడా మారుతోంది. పిల్లల బుర్రలో ఉన్నది పెద్దల తెలివికి సగం సరుకు కాదని, అక్కడ నడిచే లెక్కే వేరని ఆయనకు తట్టింది. తర్వాత తన ముగ్గురు పిల్లలను పసిగుడ్లుగా ఉన్నప్పటి నుంచీ గమనిస్తూ రాసుకున్నాడు. దశలు, వయసులు, పేర్లు ఆ తర్వాతి సంగతి. పరీక్షలో అడిగేది మాత్రం ఆ పేర్లే.

ప్రాణం లేనివాటికి ప్రాణం ఉందనుకోవడం ఈ వయసు పిల్లల ఇంకో తీరు, సర్వాత్మవాదం అంటారు. పిల్లవాడు గడప తగిలి పడితే అమ్మ ఆ గడపను రెండు దెబ్బలు కొట్టి "కొట్టిన, ఊకో బిడ్డా" అంటుంది. పియాజే పేరు వినని ఏ ఇంట్లోనైనా జరిగేదే ఇది.

అయితే పియాజేను వేదంలా చదవడంలోనే చిక్కుంది. 1970ల్లో ఎడిన్‌బరోలో మనస్తత్వవేత్త మార్గరెట్ డొనాల్డ్‌సన్, ఆమెతో పనిచేసినవాళ్లు ఒక మెలిక పట్టుకున్నారు. రెండు వరుసల్లో సమానంగా బిళ్లలు పేర్చి, ఒక వరుసను పెద్దాయన గంభీరంగా దూరం జరిపి "ఇప్పుడు సమానమా?" అంటే పిల్లలు కాదంటున్నారు. అదే పని ఒక అల్లరి బొమ్మ ఎలుగుబంటి వచ్చి కావాలని చెడగొట్టినట్టు చేస్తే చాలామంది పిల్లలు సమానమే అంటున్నారు. బిళ్లలూ అవే, పిల్లలూ అదే వయసువాళ్లు, మారింది జరిపిందెవరన్నదే. 1974లో రోజ్, బ్లాంక్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంకో సంగతి చూపించారు. పియాజే పద్ధతిలో ఒకే ప్రశ్న రెండుసార్లు అడుగుతారు, మార్చకముందు ఒకసారి, మార్చాక ఒకసారి. మొదటిసారి మానేసి చివర ఒక్కసారే అడిగితే సరిగ్గా చెప్పే పిల్లలు పెరిగారు.

ఇందులో ఏముందో మన బడిలో చదువుకున్న ఎవరికైనా తెలుసు. టీచర్ "మూడూ రెండూ ఎంత?" అంటే పిల్ల "ఐదు" అంటుంది. టీచర్ కళ్లు పెద్దవి చేసి "మళ్లొకసారి చెప్పు" అంటుంది. అంతే, పిల్ల "ఆరు" అనేస్తుంది. కావాలంటే ఏడు కూడా అంటుంది. ఎందుకంటే సరైన జవాబు చెప్తే ఎవరూ మళ్లీ చెప్పమనరని ఆ పిల్ల ఎప్పుడో కనిపెట్టేసింది. ఇక్కడ పిల్ల లెక్క తప్పలేదు, మనిషి మొహం చదివి ఇంకో లెక్క వేసింది. నాలుగేళ్లకు అది చిన్న తెలివేం కాదు. డొనాల్డ్‌సన్ వాదన మొత్తం ఇదే: పిల్లలు ప్రశ్నలోని మాటలకంటే ముందు, అడిగిన మనిషి ఏం కోరుకుంటున్నాడో దానికి జవాబు చెప్తారు. ఎల్‌కేజీ గదిలో బెత్తం టేబుల్ మీద పెట్టి "తెలిసిందా లేదా?" అని అడిగితే వచ్చే "తెలిసింది మేడమ్" విలువెంతో దీన్నిబట్టి లెక్క కట్టుకోవచ్చు.

ఇక రాత సంగతి. దీని మీద కాస్త నిలబడి మాట్లాడక తప్పదు, ఎందుకంటే తల్లిదండ్రులకు అసలు టెన్షన్ ఇక్కడే. సాయంత్రం బడి నుంచి పిల్ల రాగానే మొదటి ప్రశ్న "ఇయ్యాల ఏం రాసినవ్?" నోట్‌బుక్ నిండితే ఫీజు గిట్టినట్టు, ఖాళీగా ఉంటే పైసలు పోయినట్టు. అంగన్‌వాడీలో పిల్లలు ఆడుకుని, గుడ్డు తిని, ఇంటికొస్తారు. చూపించడానికి నోట్‌బుక్ ఉండదు. మూడేళ్లు నిండగానే పిల్లలను ఆటో ఎక్కించి టౌన్‌లో ఇంగ్లిష్ మీడియానికి పంపడానికి ఉన్న కారణాల్లో ఈ నోట్‌బుక్‌ది పెద్ద పాత్రే. అడిగితే అందరూ చెప్పే మాట ఒకటే, మొక్కై వంగనిది మానై వంగునా అని.

ఆ సామెత కూడా ఒక సిద్ధాంతమే, అందులో నిజం కూడా ఉంది. అమెరికాలో పిల్లల ఎదుగుదలను గమనించిన ఆర్నాల్డ్ గెసెల్ మాత్రం 1929లో దానికి ఒక పరీక్ష పెట్టాడు. కవల ఆడపిల్లల్లో ఒకరికి ఇంకా ఏడాది నిండకముందే మెట్లెక్కడం నేర్పించాడు, ఆరు వారాల పాటు. రెండోపిల్లకు ఆ మెట్లు చూపించకుండా ఉంచి, ఆ తర్వాత రెండు వారాలే నేర్పించాడు. ఆలస్యంగా మొదలుపెట్టిన పిల్ల రెండు వారాల్లోనే అక్క స్థాయికి వచ్చేసింది. ఇద్దరు పిల్లలను చూసి లోకానికంతా సూత్రం కట్టకూడదు, నిజమే, గెసెల్ పరిసరాల ప్రభావాన్ని మరీ తక్కువ చేశాడని తర్వాతివాళ్లు తప్పు పట్టారు కూడా. కానీ ఒళ్లు సిద్ధం కాకముందు ఆరు వారాలు పడిన కష్టం, సిద్ధమయ్యాక రెండు వారాల్లో తీరిపోయిందన్నది మూడేళ్ల పిల్ల చేతిలో పెన్సిల్ పెట్టేముందు గుర్తుకు రావలసిన సంగతే.

చెయ్యిని చూస్తే ఇంకా తెలుస్తుంది. మణికట్టులో 8 చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవి ఇంకా ఎముకలే కావు, మెత్తటి మృదులాస్థి, ఏళ్లు గడిచేకొద్దీ ఒక్కొక్కటే గట్టిపడుతూ వస్తాయి, చివరిది గట్టిపడేది ఎనిమిదేళ్లు దాటాకే. రాతకు ఎముక ఒక్కటే చాలదు, వేళ్ల బలం కావాలి, కన్నూ చెయ్యీ కలిసి నడవాలి, అక్షరం ఏ దిక్కుకు తిరుగుతుందో మనసులో ఉండాలి. మూడేళ్ల పిల్ల పెన్సిల్‌ను పిడికిలితో పట్టుకుని భుజం మొత్తం కదిపి 'అ' దిద్దుతుంటే, ఆ అక్షరంలో ఉన్న సుడులన్నీ భుజంతో తిప్పాలి. వంకర పోతుంది. వంకరపోయినందుకు దెబ్బ పడుతుంది.

మరి ఆ చెయ్యికి ఏం కావాలో ఈ ప్రాంతానికి కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. బొడ్డెమ్మకు మట్టి పిసికి అంతస్తులు కట్టడం, పూలను ఒక్కొక్కటే తుంచి పెట్టడం, చింతగింజలు గుప్పిట్లోంచి ఒక్కొక్కటే గుంటలో జారవిడవడం, అమ్మ వేసిన ముగ్గు చుక్కల మీద వేలితో గీత నడపడం, ఇవన్నీ బొటనవేలు, చూపుడువేలు కలిపి చేసే పనులే. (గింజలతో ఆట మూడేళ్లు దాటాక, అదీ పక్కన ఒక మనిషి ఉన్నప్పుడే; ముక్కులో పెట్టుకునే వయసది.) మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లోని పేదల వాడలో పెట్టిన బడిలో చేసింది కూడా చాలావరకు ఇదే, చేతికి పని చెప్పడం. ఆమె 1939లో మద్రాసు వచ్చి, యుద్ధం వల్ల ఏళ్ల తరబడి ఈ దేశంలోనే ఉండిపోయి టీచర్లకు శిక్షణ ఇచ్చింది. ఇప్పుడు ఆమె పేరుతో ప్రతి టౌన్‌లో బోర్డులున్నాయి, ఎవరైనా పెట్టుకోవచ్చు గనుక. లోపల పిల్లలు చేసేది మాత్రం చాలాచోట్ల కాపీ రైటింగే.

పియాజే పుట్టిన ఏడాదే, 1896లో, ఇంకో మనస్తత్వవేత్త లెవ్ వైగాట్‌స్కీ ఇప్పటి బెలారస్‌లో పుట్టాడు. టీబీతో 1934లో, ముప్పై ఏడేళ్లకే పోయాడు. ఆయన రాసిన ముఖ్యమైన పుస్తకం ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి 1962 అయింది. వీళ్లిద్దరికీ తేడా వచ్చిన చోటు చాలా చిన్నదిగా కనిపిస్తుంది: ఒంటరిగా ఆడుకునే పిల్ల తనలో తాను మాట్లాడుకోవడం. ఖాళీ అగ్గిపెట్టెలు పేరుస్తూ పిల్ల "గిది కింద... గిది మీద... అరె, పడ్తది, ఆగు" అనుకుంటుంది. పియాజే దృష్టిలో అది ఎదుటివాడి కోసం మాట్లాడటం ఇంకా రాని పిల్ల చేసే మాట, వయసుతోపాటు పోతుంది. వైగాట్‌స్కీ మాత్రం పని కష్టమయ్యేకొద్దీ ఆ మాటలు పెరగడం గమనించాడు. అంటే పిల్ల ఆ మాటలతోనే తన చేతిని నడుపుకుంటోంది, కొన్నాళ్లకు అవే లోపలికి పోయి ఆలోచన అవుతాయి. ఈ విషయంలో తర్వాతి పరిశోధనలు ఎక్కువగా వైగాట్‌స్కీ వైపే మొగ్గాయి. "గుసగుసలు బంద్, నోటి మీద వేలు" అన్నప్పుడు ఆపేది అల్లరిని మాత్రమే కాదు.

ఇక్కడే దేవరకొండ, చందంపేట వైపు తండాలు గుర్తుకొస్తాయి. తండా పిల్ల ఇంట్లో గోర్‌బోలి మాట్లాడుతుంది. అమ్మ 'యాడి', రొట్టె 'బాటి'. అంగన్‌వాడీకి వస్తే తెలుగు, ఆటో ఎక్కి టౌన్‌కు పోతే ఇంగ్లిష్. ఆ పిల్ల అగ్గిపెట్టెలు పేర్చేటప్పుడు తనలో తాను ఏ భాషలో మాట్లాడుకోవాలి? ఇంటి భాషలోనే, ఇంకే భాషలో వస్తుంది? ఆ భాష గదిలో వినిపించకూడదంటే పిల్ల మాట్లాడటం మానేస్తుంది, టీచర్ రిజిస్టర్‌లో 'చురుకుగా లేదు' అని పడుతుంది. నారాయణపేట అంచున కన్నడం మాట్లాడే ఇళ్ల పిల్లలదీ ఇదే కథ. 2020 జాతీయ విద్యా విధానం వీలైనంతవరకు ఇంటి భాషలోనే మొదలుపెట్టాలని రాసింది. తండాలో అయితే దానికి కావలసింది పెద్ద బడ్జెట్ కాదు, ఆ భాష వచ్చిన ఆయమ్మ ఒకరు.

భాష గురించి ఇంకో మాట. మూడున్నరేళ్ల పిల్లలు 'ఇల్లులు' అంటారు. ఇంట్లో అవ్వా తాతా అందరూ 'ఇండ్లు' అనేవాళ్లే, 'ఇల్లులు' అన్నవాళ్లు ఒక్కరూ లేరు. మరి పిల్ల ఎవరిని చూసి నేర్చుకుంది? పిల్లలు విన్నదాన్ని అనుకరించి, మెచ్చుకుంటే నిలుపుకుని భాష నేర్చుకుంటారని మనస్తత్వవేత్త స్కిన్నర్ 1957లో పుస్తకం రాస్తే, 1959లో భాషాశాస్త్రవేత్త చామ్‌స్కీ దాన్ని చీల్చి చెండాడింది ఈ దారిలోనే. 'చెట్టు, చెట్లు', 'గోడ, గోడలు' విని పిల్ల ఒక సూత్రం తయారు చేసుకుంది, 'ఇల్లు'కు తగిలించింది. తెలుగే ఆ సూత్రాన్ని పాటించలేదు గానీ పిల్ల పాటించింది.

వైగాట్‌స్కీ పేరు చెప్పగానే టెట్ పుస్తకం 'సామీప్య వికాస మండలం' అంటుంది. పిల్ల ఒంటరిగా చేయగలిగేది, పక్కన తెలిసినవాళ్లు ఆసరా ఇస్తే చేయగలిగేది, ఆ రెంటి మధ్య జాగా. దీన్ని చూడాలంటే అంగన్‌వాడీకే పోవాలి. మూడేళ్లవాళ్లూ ఐదున్నరేళ్లవాళ్లూ ఒకే గదిలో ఉంటారు, దాన్ని అందరూ లోటుగానే చెప్తారు. కానీ చెప్పుల పట్టీ పెట్టుకోవడం రాని తమ్ముడికి ఐదేళ్ల అక్క "గిట్ల కాదు, గిట్ల" అని సగం పెట్టి సగం వదిలేస్తుంది చూడండి, పెద్దవాళ్లయితే మొత్తం తామే పెట్టేస్తారు. మొన్నటిదాకా తనకూ రాలేదు కాబట్టి ఎక్కడ వదిలేయాలో ఆ పిల్లకు తెలుసు. వయసులవారీగా విడగొట్టిన నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ గదుల్లో ఈ అక్కలు దొరకరు.

టెట్‌లో వచ్చే మిగతా పేర్లు, ఎరిక్సన్ ఎనిమిది దశలు, గార్డ్‌నర్ బహుళ ప్రజ్ఞలు వగైరా ఇక్కడ విప్పే పనిలేదు. ఎరిక్సన్ నుంచి ఒకటి మాత్రం పనికొస్తుంది: మూడు నుంచి ఆరేళ్ల మధ్య పిల్ల "నేనే చేస్త" అంటుంది, అలా అన్న ప్రతిసారీ తిట్టు పడితే కొత్త పని మొదలుపెట్టడమే తప్పన్న భయం మిగులుతుంది. ప్రైవేటు బడుల కరపత్రాల్లో తప్పకుండా ఉండే మాట ఇంకొకటుంది, ఆరేళ్లలోపే మెదడు 85 శాతం పెరుగుతుందని. 2020 విద్యా విధానంలోనూ ఆ అంకె ఉంది. అయితే మెదడు పెరగడమంటే అందులో పాఠాలు నిండటం అని కాదు. ఆ పెరుగుదలకు కావలసింది తిండి, నిద్ర, పలకరించే మనిషి, ఆట. కరపత్రం ఆ అంకె పక్కన పెట్టేదేమో అబాకస్.

పాలమూరు పిల్లల గురించి మాట్లాడుతూ వలస మాట ఎత్తకపోతే అది అసంపూర్ణం. పంట పని అయిపోయాక గుంపు మేస్త్రీ వెంట ముంబై, పుణె, హైదరాబాద్ దారి పట్టే ఇళ్లలో పిల్లలు అవ్వాతాతల దగ్గర ఉండిపోతారు, లేదా వెంట పోతారు. బ్రిటన్ మానసిక వైద్యుడు బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఇచ్చిన నివేదికలో తల్లి నుంచి దూరమైన పసిపిల్లల గురించి గట్టిగా రాశాడు, దాన్ని చదివితే పాలమూరు తల్లులందరూ దోషుల్లా కనిపిస్తారు. తర్వాత 1964లో గ్లాస్గోలో 60 మంది పసివాళ్లను ఇళ్లలోనే చూసిన షాఫర్, ఎమర్సన్ మాత్రం ఏడాదిన్నర వచ్చేసరికి ఎక్కువమంది పిల్లలకు ఒకరికంటే ఎక్కువమందితో అనుబంధం ఉందని చెప్పారు. అవ్వ తల్లి అవుతుంది, అందులో కొరత లేదు. కష్టం ఎక్కడ వస్తుందంటే, ఆ మనిషి మాటిమాటికీ మారిపోయినప్పుడు. ఉగాదికి అమ్మ వస్తుంది, సంచీలోంచి కొత్త గౌను తీస్తుంది, రెండేళ్ల పిల్ల అవ్వ కొంగు వెనక్కి పోయి దాక్కుంటుంది. "కన్నతల్లినే మర్చిపాయె" అని చుట్టుపక్కలవాళ్లు నవ్వుతారు, తల్లి కండ్లు తుడుచుకుంటుంది. పిల్ల చేసింది తప్పు కాదు. బెదిరినప్పుడు తనకు ధైర్యమిచ్చే మనిషి దగ్గరికి పోయింది, ఆ వయసు పిల్ల చేయవలసిన పనే చేసింది. అలవాటయ్యేసరికి వానలు పడో, పని పిలిచో మళ్లీ ఎవరో ఒకరు కదులుతారు.

మనస్తత్వవేత్త బ్రాన్‌ఫెన్‌బ్రెన్నర్ 1979లో పిల్ల చుట్టూ పొరలు గీసి చూపించాడు: మొదటి పొర ఇల్లు, బడి; రెండోది ఆ రెంటి మధ్య సంబంధం; మూడోది పిల్ల ఎన్నడూ కాలు పెట్టకపోయినా పిల్ల జీవితాన్ని తిప్పే చోట్లు, అన్నిటికీ పైన ప్రభుత్వాలు, ఆచారాలు. ఆ మూడో పొర పుస్తకంలో అర్థం కాదు, మహబూబ్‌నగర్‌లో వెంటనే అర్థమవుతుంది. పుణెలో ఒక అపార్ట్‌మెంట్ స్లాబ్ ఎప్పుడు పడుతుందన్నదాన్ని బట్టి కోస్గి పక్క పల్లెలో ఒక పిల్ల అంగన్‌వాడీకి వస్తుందా రాదా తేలుతుంది. నల్లగొండలో మర్రిగూడ వైపైతే ఒకప్పుడు ఆ పొర బోరుబావి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకరపోయిన పిల్లకు ఏ దశలో ఏం రావాలో చెప్పే పట్టిక ఎందుకూ పనికిరాలేదు.

వెంట పోయిన పిల్లలు ఆర్నెల్లకు తిరిగొస్తారు. అంగన్‌వాడీలో అప్పటికి తోటివాళ్లు వంద దాకా అంకెలు చెప్తుంటారు. వచ్చిన పిల్లవాణ్ని చిన్నపిల్లల వరుసలో కూర్చోబెట్టి "ఒకట్లు చెప్పు" అంటే నేల చూపులు చూస్తాడు, మళ్లీ అడిగితే అసలు నోరే విప్పడు. ఆట వేళ చెక్కముక్కలు ముందు పోస్తే వాడు కింది వరుస అతుకు మీద పై ముక్క నడుము వచ్చేలా, వరుస తర్వాత వరుస పేర్చుకుంటూ పోతాడు, మేస్త్రీలు గోడ కట్టినట్టే. చేతులు పేరుస్తుంటే నోట్లో మాత్రం సన్నగా ఏదో లెక్క నడుస్తుంటుంది, సగం హిందీలో.